నిద్రగన్నేరు నోరు

పళ్ళ డాక్టరు కుర్చీలో వెనక్కి వాలితే కనిపించేవి ఆకులు. అది మా అన్నయ్య చేసిన ఏర్పాటు. నోరు తెరుచుకుని పడుకున్న మనిషికి పటకారు కాదు, పచ్చదనం కనిపించాలని, కుర్చీ తెచ్చిన రోజునే దాన్ని కిటికీ వైపు తిప్పించి నేలకి బిగించాడు. కిటికీ నిండా ముంగిట్లోని నిద్రగన్నేరు కొమ్మ, ఒక్కటే కొమ్మ గాని అదే ఒక చెట్టంత ఉంటుంది, దాని ఆకుల సందుల్లోంచి వచ్చే వెలుతురు పైకప్పు మీద కదులుతుంటే ఎంతమంది నొప్పి మరిచిపోయి కళ్ళప్పగించి చూశారో. అన్నయ్య చెయ్యి వణకడం మొదలయ్యాక క్లినిక్కు మూసేశాం, కుర్చీ మాత్రం కదల్లేదు. ఇవాళ అందులో పడుకున్నది నేను, నోరు మూసుకుని, కుర్చీ చేతులు రెండూ బిగించి పట్టుకుని, అచ్చం పన్ను పీకించుకోవడానికి వచ్చిన దాన్లాగే. కిటికీ పై అంచున రెండు బూట్లు గాల్లో ఊగుతున్నాయి. అవి తాళ్ళమ్మాయివి. ఆ పేరు అన్నయ్య పెట్టిందే. పెద్ద పెద్ద చెట్లెక్కి వాటి మంచీ చెడ్డా చూడటం ఆ అమ్మాయి పని, నడుముకి పట్టీలు బిగించుకుని తాడు మీద పైకి పాకుతుంది, కింద తాడు కొస పట్టుకుని నిలబడేది వాళ్ళ మామగారు. కోడలి ప్రాణం రెండు చేతుల్లో పట్టుకుని రెప్ప వెయ్యకుండా చూసే మామగారిని నేనిప్పుడే చూడటం. ఆ అమ్మాయి దిగివచ్చి ఏం చెబితే అది చెయ్యాలని వీధివాళ్ళూ మేమూ ఒప్పుకున్నాం. ఉండనివ్వమంటే చెట్టు ఉంటుంది, వద్దంటే మొదలంటా కొట్టేస్తారు.

వసారాలో అన్నయ్య పక్కన కూర్చుని ఎదురుచూడొచ్చు. అక్కడ పేము కుర్చీలో, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని, తల వెనక్కి వంచి పైకి చూస్తున్నాడు, అప్పుడప్పుడు దగ్గు వినిపిస్తోంది. కాని పక్కన కూర్చుంటే నా మొహం చదివేస్తాడు, ఏళ్ళ తరబడి నోళ్ళలోకి చూసినవాడికి మొహం ఒక లెక్కా. చెట్టు గురించి నాకు బెంగ ఉంది, ఉన్నమాట చెప్పాలంటే చాలా ఉంది, కాని అంతకు మించిన భయం ఇంకొకటుంది. ఆ చెట్టు కాండం మీద, మనిషి తలకి కాస్త పైగా, బూడిద రంగు మచ్చ ఒకటి ఉంటుంది, పళ్ళెమంత వెడల్పు, చుట్టూ బెరడు లావుగా ముడుచుకుని పెదవిలా దాన్ని పట్టుకుని ఉంటుంది. అది సిమెంటు. పుచ్చిన పంటికి పెట్టినట్టే తొర్రకి మా అన్నయ్య పెట్టిన సిమెంటు. తను పెట్టిన ఫిల్లింగులన్నిట్లోకీ అదే గొప్పదంటాడు, మిగతావన్నీ మనుషులతో పాటే పోతున్నాయి, ఇదొక్కటి నా తర్వాత కూడా ఉంటుంది అంటాడు. పొద్దున్న తాళ్ళమ్మాయి పట్టీలు సరిచేసుకుంటుంటే వసారాలోంచి కేకేశాడు, "అమ్మాయ్, పైన చూడటం అయ్యాక నా ఫిల్లింగు ఎలా ఉందో అది కూడా చెప్పాలి." ఆ ఫిల్లింగు బాగాలేదని నాకు అనుమానం, అనుమానమేమిటి, నమ్మకమే. అన్నయ్య ఆ మాట ఒక పరాయి నోటి నుంచి, అదీ తన వసారాలో కూర్చుని వినకూడదు.

టక్, టక్, టక్. పైన సుత్తి పడుతోంది, చిన్న కొయ్య సుత్తి. కొమ్మ మీద కొడుతుంది, ఆగుతుంది, జానెడు జరిగి మళ్ళీ కొడుతుంది. ఇది నాకు పుట్టుకతో వచ్చిన భాష కాదు గాని వచ్చిన భాషే. అన్నయ్య చిన్న అద్దం వెనక్కి తిప్పి దాని పిడితో పళ్ళని వరసగా తట్టేవాడు, బతికున్న పన్ను ఒకలా పలుకుతుంది, చచ్చిన పన్ను ఇంకోలా పలుకుతుంది, "విన్నావా" అన్నట్టు నా వైపు చూసేవాడు, మొదట్లో నాకేమీ తేడా తెలిసేది కాదు, తెలిసినట్టు తల ఊపేదాన్ని, తర్వాత ఒకరోజు నిజంగానే తెలిసింది, ఆ రోజు ఇంట్లో ఎవరైనా కంచం పెట్టినా గ్లాసు పెట్టినా వింటూ కూర్చున్నాను. పై కొమ్మలు బాగానే పలుకుతున్నాయి. ఎండ ఆకుల్లోంచి దిగి నా మోచేతి మీద, నేల మీద, కుర్చీ పక్కనున్న ఎండిపోయిన ఉమ్మితొట్టి మీద చిల్లర చిల్లరగా పడుతోంది. గదిలో ఇంకా లవంగ నూనె వాసన. ఎన్నిసార్లు కడిగినా పోలేదు, గోడలే తాగేసినట్టున్నాయి.

కిందటివారం గాలి కొంచెం గట్టిగా వీచింది. అంతే, తుఫానూ కాదు, ఏమీ కాదు. నా తొడంత లావు కొమ్మ ఒకటి ఊడివచ్చి గేటు మీద పడింది. ఎదురింటి డ్రిల్లు మాస్టారి మనవరాలు రోజూ స్కూలు బస్సు కోసం నిలబడేది ఆ గేటు ముందే, మా నీడలో. ఆ రోజు స్కూలుకి సెలవు. ఆ సాయంత్రం మాస్టారు వచ్చి వసారా అంచున కూర్చుని అన్నారు, "చెట్టు మీద నాకు కోపం లేదు డాక్టరుగారూ. దాని నీడలోనే ముసలాణ్ణయ్యాను. కాని నాకున్నది ఒక్కతే మనవరాలు. కొట్టించెయ్యండి." అన్నయ్య కట్టిన పళ్ళతోనే అన్నారు ఆ మాట, ఒక్క అక్షరం జారలేదు, అంత బాగా కుదిరాయి ఆ పళ్ళు. నాకు ఒళ్ళు మండాలి. మండలేదు. ఆయన చేతుల వైపు చూశాను, వణుకుతున్నాయి, అన్నయ్య చేతుల్లాగే, కాకపోతే అన్నయ్యది వయసు వణుకు, ఆయనది ఏం జరిగి ఉండేదో ఊహించుకున్న వణుకు. అప్పుడే చెట్లు చూసే మనిషిని పిలిపిద్దామన్నాను నేను, ఆ మనిషి మాటకి కట్టుబడదామన్నారు ఆయన. తాళ్ళమ్మాయి మొదటిసారి వచ్చిన రోజు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగింది, సిమెంటు దగ్గర ఆగింది, దాని అంచున వేలుపెట్టి రాసి, గొంతు తగ్గించి, "ఎవరు చేశారిది?" అంది. అన్నది ఆ మూడు ముక్కలే. కాని ఆ గొంతు నాకు తెలుసు. ఇంకో డాక్టరు పాడుచేసిన నోట్లోకి టార్చి వేసి చూసినప్పుడు అన్నయ్య సరిగ్గా ఆ గొంతుతోనే అనేవాడు, ఎవరు చేశారిది, అని, రోగికి వినిపించకుండా, నాకు మాత్రమే వినిపించేలా.

అందుకే ఇవాళ పొద్దున్న మెట్ల దగ్గర ఆ అమ్మాయిని పట్టుకున్నాను. "చెట్టు గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పు. సిమెంటు మాట ఎత్తకు. అడిగితే బాగానే ఉందని చెప్పెయ్. ముసలాయన." ఆ అమ్మాయి హెల్మెట్టు పట్టీ గడ్డం కింద బిగించుకుంటూ నన్నొకలా చూసింది, నవ్వొచ్చినా ఆపుకున్నట్టు. "చెట్టు గురించి అబద్ధం చెబితే అది నా మీదే పడుతుందమ్మా" అంది. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. తాడు పైకి విసిరింది.

కలపడం. నా బతుకంతా కలపడమే. పెళ్ళి చేసుకుని వెళ్ళి, రెండు వానాకాలాలు గడిచాయో లేదో, ఒక పెట్టెతో తిరిగొచ్చాను. ఎందుకొచ్చావని అన్నయ్య అడగలేదు. అడుగుతాడని రాత్రంతా జవాబులు కూడబెట్టుకున్నాను, అన్నీ వృథా అయ్యాయి. తెల్లవారాక క్లినిక్కులోకి పిలిచి గాజు పలక నా ముందు పెట్టాడు, దాని మీద పన్ను పూడ్చే తెల్లపొడి కొంచెం, లవంగ నూనె రెండు చుక్కలు, చేతికి సన్నటి రేకు కత్తి ఇచ్చాడు. "ముద్ద వేలికి అంటకూడదు, పొడిగా రాలకూడదు. కలుపు." కలిపాను. పారేశాడు. మళ్ళీ కలిపాను, పారేశాడు. మధ్యాహ్నానికి ఒక ముద్ద వేళ్ళ మధ్య నలిపి చూసి, రోగి వైపు తిరిగి, "మా చెల్లెలు కలిపింది, రాయిలా నిలబడుతుంది, వెళ్ళి చెరుకు నమలండి" అన్నాడు. రోగికి చెప్పిన ఆ మాటే నన్ను బతికించింది, ఆ సంగతి అన్నయ్యకి ఎప్పుడూ చెప్పలేదు, చెప్పే సందర్భం రాలేదు, అన్నాచెల్లెళ్ళం గనక. తర్వాత కలపడం నాది, పెట్టడం అతనిది. చివర్లో గ్లాసుతో నీళ్ళిచ్చి, పుక్కిలించి ఉమ్మెయ్యండి, అయిపోయింది, అనడం కూడా నాదే. ఎంత పెద్ద మనిషైనా ఆ మాట వినగానే చిన్నపిల్లాడిలా నా వైపు చూసేవాడు, నిజంగా అయిపోయిందా అన్నట్టు.

టక్, టక్. బూట్లు కిటికీ మధ్యకి దిగాయి. ఇప్పుడు నా కొమ్మ మీద కొడుతోంది, ఈ కుర్చీ కొమ్మ మీద. కొస దగ్గర బాగానే ఉంది. మధ్యలో బాగానే ఉంది. మొదలు వైపు జరిగేకొద్దీ ఆ శబ్దం లోపలికి పోతోంది, ఎదురుతిరిగి రావడం లేదు, దుప్పటి మీద కొడుతున్నట్టు. నాకు వినిపించింది. వినిపించలేదని అనుకోవడానికి చూశాను గాని, నాకు ఆ విద్య నేర్పినవాడు మరీ బాగా నేర్పాడు.

తొర్రకి సిమెంటు పెట్టిన రోజు ఎంత సంబరం. ఎండాకాలం, సెలవు రోజు, అన్నయ్య తెల్లకోటు వేసుకుని మరీ బయటికొచ్చాడు, ముక్కాలిపీట ఎక్కి, తోటపని తాపీతో, వంటింటి గరిటెతో తొర్రలోని పుచ్చు అంతా గోకి తీశాడు, తడిసిన టీపొడిలా ఉంది అది, పిడికెళ్ళ కొద్దీ వచ్చింది. స్పిరిటులో ముంచిన గుడ్డతో లోపలంతా తుడిచాడు. నేను బట్టలుతికే తొట్టిలో ఇసకా సిమెంటూ నీళ్ళూ పోసి కలిపాను, మోచేతుల దాకా, వేలికి అంటకుండా, రాలకుండా. వీధివీధంతా వచ్చి ముక్కున వేలేసుకుంది. డ్రిల్లు మాస్టారికి అప్పుడింకా సొంత పళ్ళున్నాయి, మెళ్ళో ఈల వేలాడుతుండగా దగ్గరికొచ్చి, "మత్తు ఇచ్చారా డాక్టరుగారూ" అన్నారు. "రోగి ధైర్యవంతుడు, అక్కర్లేదన్నాడు" అన్నాడు అన్నయ్య. ముద్ద మీద ముద్ద కూరి, గరిటె వెనక్కి తిప్పి నున్నగా పామి, చెట్టు మీద చెయ్యి వేసి, రోగులకి చెప్పే గొంతుతోనే, "రెండు గంటలు ఏమీ తినొద్దు" అన్నాడు. ఎంత నవ్వామో. అప్పట్లో అందరూ అలాగే చేసేవారు, తోటపని పుస్తకాల్లో కూడా అలాగే రాసేవారు, తొర్ర కనిపిస్తే పూడ్చడమే. కాకపోతే ఒక పళ్ళ డాక్టరు పూడ్చినంత శ్రద్ధగా ఎవరూ పూడ్చి ఉండరు, అంత శ్రద్ధగా పూడ్చడమే ముప్పయిందేమో, నీటిచుక్క బయటికి రావడానికి సందు కూడా లేకుండా.

వాన పట్టేట్టుంది. పైకప్పు మీది వెలుతురు ముక్కలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. మబ్బు కమ్మితే ఈ చెట్టు సాయంత్రమే అయిందనుకుంటుంది, ఆకులు జంటలు జంటలుగా ముడుచుకుంటాయి, చేతులు జోడించి నిద్రకి పడినట్టు. చిన్నప్పుడు నిద్రపట్టని పిల్లల్ని దీని కిందికి తీసుకొచ్చి చూడమనేవారు, అదిగో అదే పడుకుంది, నీకేమైంది, అని. ముడుచుకుంటున్న ఆకుల్ని చూస్తుంటే నా రెప్పలు కూడా బరువెక్కుతున్నాయి, పడుకోకూడదు, ఆ అమ్మాయి దిగేలోగా నేను వసారాలో ఉండాలి, అన్నయ్య కంటే ముందు ఆ అమ్మాయి కళ్ళలోకి చూడాలి, పడుకోకూడదు, కుర్చీ కొద్దికొద్దిగా వెనక్కి వాలుతోంది, కాలితో తొక్కే మీట నేనెప్పుడు తొక్కాను, గది కప్పు పోయింది, కుర్చీలో నేను లేను, చెట్టు ఉంది, వేళ్ళు మడిచి పెట్టుకుని బుద్ధిగా పడుకుంది, మెడ కింద తెల్లగుడ్డ. అన్నయ్య పక్కన నిలబడి ఉన్నాడు, జుట్టు నల్లగా, చెయ్యి స్థిరంగా, "పెద్దగా తెరవండి" అంటున్నాడు, చెట్టు తెరుస్తోంది, లోపల మరో వీధి, మరో వసారా, కొమ్మకొమ్మకీ చెంపలు పట్టుకుని మనుషులు తమ వంతు కోసం కూర్చున్నారు, వాళ్ళలో నన్ను పెళ్ళి చేసుకున్నతను కూడా ఉన్నాడు, ఎడమ చెంప వాచింది, నాకు జాలీ లేదు కోపమూ లేదు, వరసలో కూర్చోండి అన్నాను. మాస్టారు ఈల ఊదారు. ఎవరూ కదలొద్దు. అన్నయ్య అద్దం పిడితో చెట్టుని తట్టాడు, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు, నా వైపు చూశాడు, విన్నావా అన్నట్టు. నేను లేదని తల ఊపాను. విన్నావా. లేదు. విన్నావా.

మెలకువ వచ్చేసరికి సుత్తి శబ్దం ఆగిపోయి ఉంది. కిటికీలో బూట్లు లేవు. కలలో తట్టిన శబ్దం మాత్రం చెవుల్లో ఉండిపోయింది, అది కల శబ్దం కాదు, రోజూ వింటున్నదే, రోజూ పొద్దున్నే కాఫీ తాగి అన్నయ్య ముంగిట్లోకి వెళ్ళి చేతికర్రతో ఆ సిమెంటు కింద ఓ నాలుగు దెబ్బలు తట్టి, తల వంచి కాసేపు నిలబడతాడు. పలకరింపనుకున్నాను. ముసలివాళ్ళకి అలాంటివి ఉంటాయి కదా అనుకున్నాను. "తలుపు కొడుతున్నావా, ఎవరైనా తీస్తారా" అని ఏడిపించేదాన్ని కూడా, "ఎవరూ పలకడం లేదే" అనేవాడు, నవ్వుతూనే. కుర్చీలోంచి లేవబోతే కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి, ఉమ్మితొట్టి పట్టుకుని లేచాను.

వసారాలో అప్పటికే అందరూ ఉన్నారు. తాళ్ళమ్మాయి మెట్టు మీద కూర్చుని చేతి తొడుగులు ఊడదీస్తోంది, జుట్టులో ఒక గులాబిరంగు పువ్వు కేసరాలు చిక్కుకుని ఉన్నాయి. మామగారు తాడు వదలకుండానే నీళ్ళు తాగుతున్నారు. మాస్టారు వీధికి ఆవలి పక్కన, వాళ్ళ గేటు ముందు ప్లాస్టిక్కు కుర్చీలో కూర్చుని చెవి ఇటు పెట్టారు. అన్నయ్య అడిగాడు, "ఊఁ, చెప్పమ్మా. నా ఫిల్లింగు బాగుందా?" ఆ అమ్మాయి నన్ను చూసింది, అన్నయ్యని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. నేను కళ్ళతోనే బతిమాలాను. పక్కకి తిరిగితే అన్నయ్య కూడా ఆ అమ్మాయిని అలాగే చూస్తున్నాడు.

"పొద్దున్న అమ్మగారు మెట్ల దగ్గర పట్టుకుని, అన్నగారి ముందు సిమెంటు మాట ఎత్తొద్దన్నారు" అంది తాళ్ళమ్మాయి. "అంతకు ముందే గేటు దగ్గర మీరు, చెల్లెలి ముందు ఎత్తొద్దు, పైకి మాత్రం అడుగుతాను, బాగానే ఉందని చెప్పు అన్నారు. మీ ఇద్దరూ వినకూడదంటే ఇంకెవరికి చెప్పమంటారండీ, ఆ మాస్టారికా?"

నీళ్ళు తాగుతున్న మామగారికి పొలమారింది. నేను అన్నయ్య వైపు చూశాను. అన్నయ్య కర్ర పిడి వైపు చూసుకుంటున్నాడు.

"నీకు తెలుసా" అన్నాను.

"ఎప్పట్నుంచో. తడితే తెలియదూ? మొదట్లో గట్టిగానే పలికేది. తర్వాత్తర్వాత దిగిపోతూ వచ్చింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"కలిపింది నువ్వు కదే" అన్నాడు. "నీ కలపడంలో తప్పేం లేదు. పెట్టకూడని చోట పెట్టింది నేను. కాని ఆ మాట చెబితే నువ్వు సగమే వింటావు. నేనే కలిపానని కూర్చుని ఏడుస్తావు."

ఏడుపు అప్పుడే వచ్చింది, నవ్వుతో కలిసి వచ్చింది, ఏది ముందు వచ్చిందో చెప్పలేను. నా పెట్టె చూసి ఏమీ అడగని మనిషి ఇన్నేళ్ళూ రోజూ పొద్దున్నే ఆ చెట్టు ముందు నిలబడి, లోపల ఎంత పోయిందో విని, ఇంట్లోకి వచ్చి, ఎండ బాగుంది అనో పొగమంచు బాగుంది అనో అన్నాడు. నేను అతన్ని కాపాడుతున్నాననుకున్నాను. నాకు ఒక్కసారి అన్నయ్య మీద ఎంత ప్రేమ వచ్చిందంటే, వెళ్ళి భుజం మీద ఒక దెబ్బ వేశాను.

"ఇప్పుడైనా వింటారా" అంది తాళ్ళమ్మాయి. కాండం లోపల బోలుగా ఉందట, కాని చుట్టూ గట్టి చెక్క తగినంత ఉందట, బోలు చెట్లు ఎన్నో ఏళ్ళు నిలబడతాయట. ఇబ్బంది సిమెంటుకి సరిగ్గా పైనున్న కొమ్మతో. "గాలికి చెట్టు ఊగుతుంది, సిమెంటు ఊగదు. ఒరుసుకుని ఒరుసుకుని ఆ కొమ్మ మొదలు మెత్తబడిపోయింది. కిటికీ మీదికి వచ్చిన కొమ్మే. దాన్ని తీసెయ్యాలి, ఇవాళే, గాలి లేవకముందే. అది తీస్తే చెట్టు నిలబడుతుంది. ఏటేటా వచ్చి పైన కాస్త కాస్త బరువు తగ్గిస్తాను. కింద ఎవరు నిలబడ్డా భయం లేదని అప్పుడు నేను చెప్పగలను." చివరి మాట మాస్టారికి వినపడేలా అంది.

"మరి సిమెంటు తీసేస్తావా?" అన్నాడు అన్నయ్య.

"తియ్యనండీ. చెట్టు దాని మీద పెదవి మూసేసుకుంది. లాగితే పెదవి చిరుగుతుంది. దాంతోనే బతకడం అలవాటు చేసుకుంది, ఉండనివ్వండి."

అన్నయ్య తల ఊపాడు, నెమ్మదిగా, చాలాసేపు. వీధి అవతల మాస్టారు లేచి నిలబడ్డారు, మళ్ళీ కూర్చుని, "ఆ ఒక్క కొమ్మ పోతే చాలంటే చాలు. మాట మాటే" అన్నారు.

నేను లోపలికి వచ్చి మళ్ళీ కుర్చీలో పడుకున్నాను. పన్ను పీకేటప్పుడు రోగి చెయ్యి పట్టుకోవడం నా అలవాటు, కాని చెట్టు చుట్టూ తాడు కట్టి ఎవరూ దగ్గరికి రావద్దన్నారు, ఇక చేతనైంది ఇక్కడి నుంచి చూడటమే. ముందు కొసలు పోయాయి, ముడుచుకున్న ఆకులతో సహా, తాడుకి వేలాడుతూ కిటికీలోంచి నెమ్మదిగా కిందికి దిగిపోయాయి, నిద్ర చెడకుండా దించుతున్నట్టు. ఆ అమ్మాయి ముందు కింది వైపు చిన్న గాటు పెడుతుంది, తర్వాత పైనుంచి కోస్తుంది, లేకపోతే బరువుకి బెరడు చీలుకుంటూ పోతుందట. మొదలు దగ్గరికి వచ్చేసరికి చాలాసేపు చేత్తో తడిమి చూసింది, కొమ్మకి మెడ ఉంటుందట, ఆ మెడని వదిలి బయట కొయ్యాలట, మెడ తెగితే గాయం ఎప్పటికీ మూసుకోదట. రంపం మోగింది. తర్వాత ఆగింది. కిటికీలో ఏమీ లేదు, బూడిద రంగు ఆకాశం తప్ప, ఈ గదిలోకి అంత ఆకాశం రావడం ఇదే మొదలు. వెలుతురు పైకప్పు మీద కదలకుండా పడింది, అక్కడ ఒక పగులు ఉందని, పాత సాలెగూడు ఉందని ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు. అయినా నేను కళ్ళు మూసుకోలేదు, కళ్ళు మూసుకునే రోగుల్ని అన్నయ్య ఎప్పుడూ, తెరవండి, చూడండి, చూస్తే నొప్పి తగ్గుతుంది అనేవాడు. తగ్గలేదు గాని, చూశాను.

బయటికొచ్చేసరికి అన్నయ్య చెట్టు మొదట్లో నిలబడి పైన తెల్లగా మెరుస్తున్న కోతని చూస్తున్నాడు. "శుభ్రంగా కోసింది" అన్నాడు, ఆ మాట అంత తేలిగ్గా అనడు. తర్వాత నా వైపు తిరిగి, "ఏంటే, నిలబడ్డావు? నీళ్ళివ్వు. పుక్కిలించమను" అన్నాడు.

లోపలికి వెళ్ళి క్లినిక్కు బీరువాలోంచి ఆ పాత స్టీలు గ్లాసే తీశాను, కడిగాను, నిండా నీళ్ళు పట్టాను. చెట్టు మొదట్లో పోయబోతే తాళ్ళమ్మాయి తాడు చుట్టుకుంటూనే వద్దంది. "అక్కడ పోస్తే దానికి అందదమ్మా. అది తాగే వేళ్ళు అక్కడుండవు, కొమ్మల కొసలు ఎంత దూరం పోతే అంత దూరంలో ఉంటాయి." పైకి చూశాను. మిగిలిన కొమ్మలు గేటు దాటి, వీధి దాటి, ఎదురింటి గోడ దాకా వెళ్ళి ఉన్నాయి. గ్లాసు ఒలకకుండా పట్టుకుని వీధి దాటాను. మాస్టారు నేను వస్తుంటే చూశారు, తన కాళ్ళ కింద మట్టి వైపు చూసుకున్నారు. "నా గేటు ముందా దీని నోరు?" అన్నారు. ఒక నిమిషం ఆలోచించి లేచి, కుర్చీ పక్కకి జరిపారు.

వంగి నీళ్ళు పోశాను. మట్టి చప్పున పీల్చేసుకుంది. పుక్కిలించి ఉమ్మెయ్, అయిపోయింది, అన్నాను. వీధి అవతల నుంచి అన్నయ్య కేకేశాడు, "రెండు గంటలు ఏమీ తినొద్దని చెప్పు."

చెప్పాను.